కారులోని జలుబుకు కషాయం ఎందుకు?

నడివేసవిలో తుమ్ములు, ముక్కుదిబ్బడ, తలనొప్పి అంటూ శొంఠి కషాయం కోసం చూసేవారు ఏటేటా పెరుగుతున్నారు. వారు కారులో తిరిగేవారైతే మొదట అడుగవలసిన ప్రశ్న ఆహారాన్ని గురించి కాదు. మీ కారులోని ఏసీ ఫిల్టరును చివరిసారి ఎప్పుడు మార్పించారు?

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో, గడిచే ఋతువు చివరి 7 రోజులను, వచ్చే ఋతువు తొలి 7 రోజులను కలిపి ఋతుసంధి అన్నాడు. పాత అలవాట్లను క్రమంగా విడిచి కొత్తవాటిని క్రమంగా చేపట్టాలనీ, హఠాత్తుగా మారితే రోగాలు పుడతాయనీ హెచ్చరించాడు. 14 రోజుల ఆ మార్పును మనం బెజవాడ ఎండలో, 44 డిగ్రీల నుండి 18 డిగ్రీలకు, ఒక్క నిమిషంలో ముగించాలని చూస్తున్నాము! ఎండలో నిలిచిన కారు తలుపులు కాసేపు తెరచి వేడిని పోనిచ్చి, పిమ్మట 25 డిగ్రీల వద్ద ఉంచుకుంటే శరీరానికీ సుఖం, యంత్రానికీ సుఖం.

చల్లదనం తగ్గగానే గ్యాసు నింపించుకోవడం మరొక దురలవాటు. అది పెట్రోలువలె ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. త్వరత్వరగా తగ్గుతున్నదంటే ఎక్కడో కారుతున్నట్లే. ఆ చోటు వెదకకుండా నింపించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. గాలే బలంగా రాకుంటే ఫిల్టరును అనుమానించాలి. గాలి వస్తున్నా చల్లగా లేకుంటే గ్యాసునో, ముందుభాగాన దుమ్ముపట్టిన కండెన్సరునో, దాని ఫ్యానునో చూపించాలి. ఇక్కడ మెకానిక్కే వైద్యుడు.

ఏసీ వేయగానే ముక్కవాసన వస్తే లోపలి తడిలో బూజు పట్టిందన్నమాట. కర్పూరమూ నీలగిరి తైలమూ ఆ వాసనను కప్పగలవు గాని బూజును పోగొట్టలేవు. గృహవైద్యాన్ని అభిమానించే మనమే ఈ మాట చెప్పాలి. శుభ్రం చేయించాక, గమ్యం చేరే నాలుగైదు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యానును మాత్రం తిరుగనిస్తే తడి ఆరుతుంది.

దూరప్రయాణంలో ఆవులింతలను భోజనంపైకి నెట్టకండి. లోపలి గాలినే తిప్పే మీట గంటల తరబడి నొక్కి ఉంచితే, అందరూ విడిచిన బొగ్గుపులుసు వాయువు పేరుకొని మత్తు కలుగుతుంది. అప్పుడప్పుడు బయటి గాలిని రానివ్వండి. ఇవన్నీ సరిచేయించాక కూడా తుమ్ములు తగ్గకుంటే, అప్పుడు వైద్యుని సంప్రదించండి.