చందా ఇచ్చే స్వేచ్ఛ

2020 అక్టోబరులో నైజీరియా యువతరం వీధుల్లోకి వచ్చింది. చిత్రహింసలకు, వసూళ్లకు పేరుపడ్డ ‘సార్స్’ అనే పోలీసు దళాన్ని రద్దు చేయాలన్నది వారి డిమాండ్. దెబ్బలు తిన్నవారికి వైద్యం, అరెస్టయినవారికి లాయర్లు, రోడ్డు మీద ఉన్నవారికి తిండి, నీళ్లు సమకూర్చే బాధ్యతను ఫెమినిస్ట్ కోయలిషన్ అనే యువతుల బృందం నెత్తికెత్తుకుంది. చందాలు జోరుగా వస్తున్న వేళ వారి చెల్లింపుల ఖాతా మూతపడింది. బృందం వెంటనే బిట్‌కాయిన్‌లో చందాలు తీసుకోవడం మొదలుపెట్టింది. సాయం ఆగలేదు. నవంబరులో ఆ దేశ కేంద్ర బ్యాంకు కోర్టుకు వెళ్లి, ఉద్యమంతో ముడిపెట్టిన 20 మంది వ్యక్తులు, సంస్థల ఖాతాలను స్తంభింపజేయించింది. 2021 ఫిబ్రవరిలో క్రిప్టో లావాదేవీలు జరిపేవారి ఖాతాలు మూసేయాలని బ్యాంకులను ఆదేశించింది.

బిట్‌కాయిన్ అనగానే మన దగ్గర ధర గురించే మాట్లాడుకుంటాం. రాత్రికి రాత్రి రెట్టింపు చేస్తామన్న నకిలీ యాప్‌లకు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో కష్టార్జితం సమర్పించుకున్నారు కాబట్టి, ఆ పేరు వింటేనే భయపడేవారి మీద నాకు సానుభూతి ఉంది. అయితే ఆ ధరల పట్టికలో కనిపించని ప్రశ్న ఒకటుంది. నా డబ్బు నేను నమ్మిన పనికి ఇవ్వడానికి ఎవరి అనుమతి కావాలి?

2010 డిసెంబరులో వికీలీక్స్‌కు ఈ ప్రశ్న ఎదురైంది. అమెరికా దౌత్య పత్రాలు బయటపెట్టిన కొద్ది రోజులకే వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ సంస్థలు దానికి చందాలు చేరకుండా ఆపేశాయి. దోషి అని ఏ కోర్టూ తేల్చలేదు. అభిమానుల జేబులో డబ్బుంది, ఇవ్వాలన్న మనసూ ఉంది, దారి మాత్రం మూడు కంపెనీల చేతుల్లో ఉంది. 2011 జూన్ నుంచి వికీలీక్స్ బిట్‌కాయిన్ స్వీకరించింది.

చందా అంత ముఖ్యమా అంటే, మన చరిత్రే సాక్ష్యం. 1921లో బెజవాడలో కలిసిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. గడువుగా పెట్టుకున్న ఆ ఏడాది జూన్ ఆఖరుకల్లా కోటి దాటింది. నోట్లు వచ్చాయి, నాణేలు వచ్చాయి, ఆడవాళ్ల ఒంటి మీది నగలు వచ్చాయి. ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో పైసాతో సహా చూపించే లెక్క దొరల సర్కారు చేతిలో లేదు. ఆనాడు ప్రతి అణా ఒక కంప్యూటరు గుండా పోయి ఉంటే ఎంతమంది గుమాస్తాలు, బడిపంతుళ్లు ధైర్యం చేసేవారు?

బిట్‌కాయిన్ చేసిన మేలు ఆ దారి మీది కాపలాదారును తీసేయడం. 2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో అనే మారుపేరుతో వెలువడిన చిన్న పత్రం దాని పునాది. ఖాతా పుస్తకం ఒక బ్యాంకు దగ్గర కాక, ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. డబ్బు కదిలించే అధికారం రహస్య తాళానిది. ఆ తాళాన్ని 12 లేదా 24 మామూలు పదాలుగా కాగితం మీద రాసుకోవచ్చు, కంఠతా పట్టి సరిహద్దు దాటవచ్చు. అది మన దగ్గరున్నంత కాలం ఒక్క ఉత్తర్వుతో ఖాతాను స్తంభింపజేయడానికి మధ్యలో ఎవరూ ఉండరు. తాళం పోతే మొరపెట్టుకోవడానికీ ఎవరూ ఉండరు. ఇది చిన్న విషయం కాదు; రోజువారీ జీవితంలో చాలామందికి బ్యాంకే మేలు.

ఆపలేకపోవడం ఒకటి, చూడలేకపోవడం మరొకటి. ఈ తేడాను బిట్‌కాయిన్ అభిమానులే తరచూ మరిచిపోతారు. రష్యా ప్రతిపక్ష నేత నావల్నీ స్థాపించిన అవినీతి వ్యతిరేక సంస్థను అక్కడి కోర్టు 2021 జూన్‌లో తీవ్రవాద సంస్థగా ప్రకటించింది. ఆ తర్వాత బ్యాంకు కార్డుతో చిన్న మొత్తాలు పంపినవారు కూడా జైలుపాలయ్యారు. చెల్లింపు ఆగలేదు. దాని జాడే వారి మీద సాక్ష్యమైంది. బిట్‌కాయిన్‌లో ఆ జాడ ఒక బ్యాంకు సర్వర్లో కాదు, లోకమంతా చదవగలిగే పుస్తకంలో శాశ్వతంగా ఉంటుంది. చిరునామా వెనక ఉన్న మనిషి ఒక్కసారి తెలిస్తే పాత లావాదేవీలన్నీ తెరుచుకుంటాయి. 2022లో కోవిడ్ నిబంధనలకు వ్యతిరేకంగా కెనడాలో సాగిన ట్రక్కు డ్రైవర్ల ఆందోళనప్పుడు ప్రభుత్వం అత్యవసర చట్టం కింద బ్యాంకు ఖాతాలను స్తంభింపజేయించడమే కాక, బిట్‌కాయిన్ చిరునామాల జాబితానూ క్రిప్టో ఎక్స్ఛేంజీలకు పంపింది. ఆ ఆందోళనకారుల వాదనలు నాకు నచ్చవు. అయినా ఖాతాలకు తాళం వేసిన తీరు తప్పనే అంటాను. అత్యవసర చట్టాన్ని ప్రయోగించడం అసమంజసమని 2024 జనవరిలో అక్కడి ఫెడరల్ కోర్టు కూడా చెప్పింది.

అందుకే అసలు పోరు గోప్యతా సాధనాల దగ్గర జరుగుతోంది. చందా ఇచ్చే ప్రతి ఒక్కరికీ కొత్త చిరునామా ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్, అనేకమంది చెల్లింపులను కలిపి ఎవరిది ఏదో తెలియకుండా చేసే పద్ధతులు, మాటలకు రక్షణగా సిగ్నల్ వంటి ఎన్‌క్రిప్షన్ యాప్‌లు, ఇవన్నీ కలిస్తేనే బిట్‌కాయిన్ స్వేచ్ఛకు పనికొస్తుంది.

ఇక్కడే ప్రభుత్వాల అభ్యంతరం మొదలవుతుంది. దాన్ని కొట్టిపారేయకూడదు. ఎథీరియం అనే మరో క్రిప్టో వ్యవస్థ మీద నడుస్తూ, చెల్లింపులను ఇలాగే కలిపేసే టోర్నడో క్యాష్ అనే ‘మిక్సర్’ను ఉత్తర కొరియా హ్యాకర్లు దొంగసొమ్ము కడగడానికి వాడారన్న కారణంతో అమెరికా ఖజానా శాఖ 2022 ఆగస్టులో దానిపై ఆంక్షలు విధించింది. ఆ వాడకం నిజమే. అదే సాధనంతో తాను ఉక్రెయిన్‌కు విరాళం పంపానని ఎథీరియం సృష్టికర్తల్లో ఒకరు, రష్యాలో పుట్టిన విటాలిక్ బుటెరిన్ చెప్పారు. విరాళం అందుకునేవారి క్షేమం కోసం వివరాలు దాచాల్సి వచ్చిందన్నది ఆయన మాట. ఎవరి యాజమాన్యంలోనూ లేని, మార్చడానికి వీల్లేని కోడ్‌ను ఆస్తిగా పరిగణించి ఆంక్షలు పెట్టడం చెల్లదని 2024 నవంబరులో అమెరికా అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. 2025 మార్చిలో ఆంక్షలు తొలగాయి. ఆ కోడ్ రాసినవారి మీద కేసులు మాత్రం తొలగలేదు. నెదర్లాండ్స్‌లో అలెక్సీ పెర్త్సెవ్‌కు 2024లో అయిదేళ్ల నాలుగు నెలల శిక్ష పడింది. అమెరికాలో రోమన్ స్టార్మ్‌ను ఒక అభియోగంపై 2025 ఆగస్టులో జ్యూరీ దోషిగా తేల్చింది. దొంగసొమ్మును వెంటాడండి, దొంగను పట్టుకోండి. నేరస్తులను పిలిచి మరీ సేవ అందించినవాడుంటే వాణ్నీ శిక్షించండి. ఎవరైనా వాడుకోగల సాధనాన్ని రాసి పెట్టడమే నేరమైతే, రేపు సిగ్నల్ రాసినవారికీ అదే గతి పడుతుంది.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ తర్వాతి ఏళ్లలోనే మన డబ్బు మునుపెన్నడూ లేనంతగా బహిరంగమైంది. టీ బండి దగ్గరి పది రూపాయలూ యూపీఐ రికార్డులోకి ఎక్కుతున్నాయి. ఆ సౌకర్యం గొప్పది, వదులుకోమని ఎవరికీ చెప్పను. కానీ సైబర్ నేరగాడెవడో కొట్టేసిన సొమ్ములో కొంత పెట్టి సరుకు కొన్నందుకు, ఏ పాపమూ ఎరుగని దుకాణదారు ఖాతా మొత్తం స్తంభించిన ఉదంతాలు అనేకం. కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లోనే, వివాదంలో ఉన్న మొత్తానికే ఆ నిలుపుదల పరిమితం కావాలని చెప్పాల్సి వచ్చింది. క్రిప్టో విషయంలో మన విధానం 30 శాతం పన్ను, 1 శాతం టీడీఎస్, ఎక్స్ఛేంజీలపై మనీలాండరింగ్ నిబంధనలు. రాబడి మీద, నేరం మీద చూపు ఉంది. పౌరుడి గోప్యత గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు.

కేరళ హైకోర్టు చెప్పిన పరిమితిని దేశమంతటికీ చట్టంగా మార్చడం కష్టమేమీ కాదు. తన తాళం తన దగ్గరే ఉంచుకోవడం, ఎన్‌క్రిప్షన్ వాడటం, అలాంటి సాఫ్ట్‌వేర్ రాయడం నేరాలు కావని స్పష్టం చేయవచ్చు. హైదరాబాద్‌లో కూర్చుని ప్రపంచానికి కోడ్ రాస్తున్న వేలమందికి ఆ స్పష్టత నేరుగా అవసరం. రిజర్వు బ్యాంకు తెస్తున్న డిజిటల్ రూపాయిలో కూడా నగదుకున్న గోప్యతను చట్టం ద్వారా గానీ, లావాదేవీల వివరాలు శాశ్వతంగా చెరిపేసే సాంకేతికత ద్వారా గానీ కల్పించవచ్చని 2024 ఫిబ్రవరిలో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ అన్నారు. డిజిటల్ రూపాయి ఇంకా ప్రయోగ దశ దాటకముందే, ఎంత మొత్తం వరకు వివరాలు చెరిపేస్తారో, ఎన్నాళ్లకు చెరిపేస్తారో పార్లమెంటు తేల్చాలి.