తన్నిన కాలు కాదు, నిలబడ్డ కాలు

"డాక్టరుగారూ, మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఆరు నెలలుగా కరాటే నేర్చుకుంటోంది. కుడికాలితో తన్నడం సాధన చేసిన రోజున ఎడమ మోకాలు నొప్పి అంటోంది. తన్నింది కుడికాలైతే నొప్పి ఎడమకాలికెందుకు? ఆడపిల్లకి ఈ తన్నులేమిటి, మాన్పించెయ్యమని మా అత్తగారంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

ఒక పాఠకురాలి ఉత్తరమిది. ఆమె మొదటి ప్రశ్నలోనే సగం జవాబు ఉంది.

పిల్లలు మోజుపడే రౌండ్‌హౌస్ కిక్‌ను కరాటేలో మవాషి గేరి అంటారు. మోకాలు మడిచి పైకెత్తి, నడుము తిప్పుతూ, పక్కనుంచి కొడవలి విసిరినట్టు కాలు విసరాలి. చూసేవాళ్ళ కళ్ళన్నీ గాలిలోని కాలిమీదే ఉంటాయి. ఒంటి బరువంతా మోసేది మాత్రం నేలమీది కాలు.

మీ ఇంటి తలుపు మడతబందును చూడండి. తెరవడం, మూయడం దాని పని. మెలిపెడితే మరలు ఊడతాయి. మోకాలూ అంతే. ముడుచుకుంటుంది, చాచుకుంటుంది, మెలితిరిగే శక్తి దానికి బహు కొద్ది. అందుకే నడుముతోపాటు నేలమీది పాదం కూడా మునివేళ్ళపై తిరగాలి, మడమ ఎదుటివారి వైపు రావాలి. పాదం నేలకు అతుక్కుపోయి, పైన శరీరం మాత్రం తిరిగితే ఆ మెలి అంతా మోకాలే భరించాలి. లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ చినగవచ్చు, కీలును పట్టి ఉంచే లిగమెంటు తెగవచ్చు.

కొన్నేళ్ళ క్రితం మా ఓ.పి.కి పదిహేనేళ్ళ కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఫోనులో చూసి, మేడమీద గరుకు సిమెంటు గచ్చుపై, బూట్లతో ఈ తన్ను సాధన చేశాడట. మోకాలు టప్పుమన్నదనీ, గంటలో బూరెలా వాచిందనీ చెప్పాడు. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి. బెణుకని చెప్పి కట్టు కట్టి పంపాను. రెండు నెలల తరవాత మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతోందని మళ్ళీ వచ్చాడు. స్కానింగులో లిగమెంటు పూర్తిగా తెగి కనిపించింది. ఎక్స్‌రే ఎముకను చూపుతుంది గాని లిగమెంటును చూపదు. ఆ కుర్రాడు చెప్పిన రెండు మాటలకూ మొదటి రోజే నేను విలువ ఇవ్వవలసింది. కనుక టప్పుమన్నా, గంటల్లో వాచినా ఎముకల డాక్టరుకు చూపించండి.

పెరిగే పిల్లల్లో ఎముక చివర ఉండే పెరుగుదల పొర లిగమెంటు కంటే బలహీనం. బెణుకులా కనిపించేది ఆ పొర విరగడం కావచ్చు. నూనె మర్దనాలు, నాటుకట్లు వద్దు. సాధన ఆపించి, ఐసును గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి. క్రేప్ బాండేజి కట్టి, కాలిని దిండుమీద ఎత్తి ఉంచండి. నాలుగడుగులు వెయ్యలేకపోయినా, మోకాలు చాచబోతే ఇరుక్కుపోయినా ఆరోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇక తల సంగతి. కరాటే పోటీల్లో తలకు తన్నితే 3 పాయింట్లు. అందుకే పిల్లల గురి అంతా అక్కడే. దెబ్బ తగిలాక తలనొప్పి, మైకం, అడిగిందే మళ్ళీ అడగడం ఉంటే, స్పృహ తప్పకపోయినా ఆరోజు మళ్ళీ ఆడనివ్వకండి, డాక్టరుకు చూపించండి. మాటిమాటికీ వాంతులు, మత్తు, ఫిట్స్ ఉంటే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

మగపిల్లలు సిగ్గుతో దాచే దెబ్బ ఒకటుంది. తొడకు గురిపెట్టిన తన్ను తప్పి వృషణాలకు తగులుతుంది. నొప్పి గంట దాటినా, వాపు వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. వృషణం మెలిపడితే ఆరు గంటల్లోపు ఆపరేషను చేస్తేనే దక్కే అవకాశం ఎక్కువ. గార్డు లేకుండా జోడీ సాధనకు పంపకండి. తల్లికి చెప్పలేని మాట తండ్రికైనా చెప్పమని ముందే చెప్పి ఉంచండి.

ఉత్తరం రాసిన అమ్మకు: అమ్మాయిని మాన్పించనక్కరలేదు. ముందు మోకాలు ఒకసారి డాక్టరుకు చూపించండి. నొప్పి పూర్తిగా తగ్గేవరకు ఈ తన్ను మాత్రం ఆపించండి. యుక్తవయసు ఆడపిల్లల్లో మోకాటి లిగమెంటు మగపిల్లలకంటే ఎక్కువగా తెగుతుందన్నది నిజమే. దానికి విరుగుడు తొడల, పిరుదుల కండరాలకు బలం. రోజూ సగం గుంజీలు పది, ఒంటికాలిమీద అరనిమిషం నిలబడటం నొప్పి తగ్గాక మొదలుపెట్టించండి. పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కాకే తన్నాలి; మొదట నడుము ఎత్తు చాలు. ఇద్దరు పట్టుకుని కాళ్ళు బలవంతంగా చాపించే గురువైతే వద్దని చెప్పండి.

ఒకరోజు క్లాసుకు మీరే వెళ్ళి, అత్తగారిని కూడా తీసుకెళ్ళి, అమ్మాయి ఎడమ మడమ తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే గురువుగారికి ఆ మాటే చెప్పండి.