గూడ్సు ఆగిన రాత్రి

ముందెళ్ళిన గూడ్సు ఫెయిలైందని తెలియగానే పెడన స్టేషన్లో అందరికీ చిరాకే. ఆ చిరాకు తప్పని నేననను. దివిసీమకు రైలే లేదు. అవనిగడ్డలో బస్సెక్కి బందరు చేరి, బండి పట్టుకున్నవాడికి గంట ఆలస్యమంటే ఆ రోజు పని చెడినట్టే.

కానీ ఆ గూడ్సు ఇంజన్లో ఇద్దరున్నారు, చిట్టచివరి పెట్టెలో గార్డున్నాడు. నా బాధ వాళ్ళ గురించి.

బండి బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఇంజన్ నుంచి చివరిదాకా సాగే గొట్టంలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలుండాలి. ఎక్కడ పైపు ఊడినా ఒత్తిడి పడిపోయి బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ప్రమాదం జరక్కుండా చేసిన ఏర్పాటది. బండి ఆగాక వెతకాల్సింది మాత్రం మనిషే. అసిస్టెంట్ లోకో పైలట్ టార్చి పట్టుకుని దిగుతాడు. దాదాపు 700 మీటర్ల బండి. కాళ్ళకింద కంకర జారుతుంటుంది, పక్కన కాలువ, అవతల వరిచేలు. వ్యాగన్ వ్యాగన్‌కీ మధ్య ఆగి, గాలి బుస్సుమంటోందేమోనని చెవి ఒగ్గాలి. ఆ బుస గాలిదో, రక్తపింజరదో! ఆ భయమేమిటో దివిసీమ రైతుకు నేను చెప్పక్కర్లేదు.

కరెంటు ఇంజన్లో ఒక మోటారు పాడైతే పైలట్ దాన్ని తప్పించి, మిగతావాటితో పక్క స్టేషన్ దాకానైనా లాగాలని చూస్తాడు. కుదరకపోతే వేరే ఇంజన్ అడుగుతాడు. అడిగాక లోపం సరైపోయినా, అనుమతి రాకుండా బండి కదపకూడదు. అదే పట్టా మీద సాయం ఇంజన్ వస్తూ ఉండొచ్చు.

విజయవాడ, గుడివాడ, బందరు, భీమవరం, నరసాపురం, నిడదవోలు కలిపే 221 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ 2011-12లో మంజూరైంది. పూర్తయ్యేసరికి పదేళ్ళు పట్టింది. ఒంటి లైను రోజుల్లో గూడ్సు ఆగితే అటువీ ఇటువీ అన్నీ ఆగేవి. ఇప్పుడా అవస్థ తగ్గింది, సంతోషం. ఇంజన్లో మనిషి అవస్థో? చాలా ఇంజన్లలో ఈనాటికీ మరుగుదొడ్డి లేదు. ఆడపిల్లలు కూడా పైలట్లుగా వస్తున్నారు. నడిచేలో బండి ఆగిపోతే వాళ్ళెక్కడికి వెళ్ళాలి?

డ్యూటీ తర్వాతి 16 గంటలకు వారపు సెలవు 30 గంటలు కలిపి, మొత్తం 46 గంటల విశ్రాంతి ఇమ్మని 2024లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు ఆందోళన చేశారు. గొంతెమ్మ కోరికేం కాదు. రాత్రంతా కంకరమీద నడిచినవాడికి నిద్ర కావాలి. విశ్రాంతికి ఒక ఉత్తర్వు, మరుగుదొడ్లకు ఒక గడువు తేదీ: రైల్వే బోర్డు ఈ రెండూ ఈ ఏడాదే ప్రకటించాలి. మన ఎంపీలు ఢిల్లీలో అడగాల్సిన వాటిలో కొత్త రైళ్ళతోపాటు ఇవీ ఉండాలి.