బండికీ కావాలి బీమా!

ఆదివారం వస్తే చాలు, అనంతగిరి దారిలో మిర్చి బజ్జీల బండ్ల దగ్గర కాలు పెట్టే చోటుండదు. తాండూరులో తెల్లారితే ఇడ్లీ బండ్లదే సందడి. మరి కాగే నూనె ఒలికినా, సిలిండర్‌కు మంట అంటుకున్నా ఆ కుటుంబం గతేమిటి?

ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. 436 రూపాయల జీవనజ్యోతిలో సహజ మరణానికీ అంతే మొత్తం. మొదటిదానికి 70 ఏళ్ల వరకు, రెండోదానికి 50 ఏళ్లలోపు చేరాలి.

అయితే ఈ రెండూ మనిషికే! బండి, పొయ్యి, సరుకు కాలిపోతే పైసా రాదు. స్వనిధి అప్పు వాయిదా మాత్రం ఆగదు.

చిన్న వ్యాపారాల ఆస్తి కోసం 2021 ఏప్రిల్‌లో ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ పాలసీ వచ్చింది. చిక్కల్లా ఒకటే. ఇలాంటివి సాధారణంగా పాలసీలో రాసిన చోటికే వర్తిస్తాయి. బండేమో పూటకో వీధిలో! అందుకే బండి తిరిగే చోట్లకూ రక్షణ ఉంటుందా అని ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి. నూనె పడి కొనేవారు గాయపడితే ఇచ్చే పరిహారానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ వేరు. మున్సిపాలిటీ గుర్తింపు కార్డు, సామాను బిల్లులు భద్రంగా దాచుకోవాలి.

ఈసారి బజ్జీలు తింటూ బండి అన్నను ఓ మాట అడగండి: ‘మే నెలాఖరుకు ఖాతాలో 456 రూపాయలు ఉంటాయా?’