అధికారముల ఏకీకరణము అగ్నిరక్షణము కానేరదు

నగరమున అగ్నిప్రమాదము సంభవించి పదిమంది ప్రాణములు పోయిన ప్రతిసారియు ఒకే యభిప్రాయము వినవచ్చుచున్నది. భవనమునకు అనుమతి నిచ్చువా రొకరు, వ్యాపారమునకు లైసెన్సు నిచ్చువా రొకరు, కరెంటు కనెక్షను నిచ్చువారు వేరొకరు, నిరభ్యంతర పత్రము నిచ్చు అగ్నిమాపక శాఖ మరియొకటి యగుటచేత బాధ్యత చెదరిపోయినదనియు, ఈ యధికారముల నన్నింటిని ఒక మహాసంస్థకు అప్పగించినచో ప్రమాదములు తగ్గిపోవుననియు విద్యావంతులు సైతము విచారింపకయే నమ్ముచున్నారు. ఈ వాదము తప్పనియు, చేయవలసిన పనిని మరుగుపరచుటచే హానికరమనియు నా దృఢవిశ్వాసము.

2022 సెప్టెంబరులో సికింద్రాబాదునందు ఒక హోటలు సెల్లారులోని విద్యుత్ స్కూటర్ల షోరూము తగులబడగా, పైయంతస్తులలో బస చేసియున్న 8 మంది మృతిచెందిరి. షోరూమన్నది పదిమంది కంటబడుటకే పెట్టునది. వాహనములు నిలుపుకొనవలసిన సెల్లారు వ్యాపారస్థలముగా మారుటను చూడవలసిన శాఖలు పెక్కుండగా ఒక్కటియు చూడలేదు. వానిని కలిపి ఒకటి చేసినంతమాత్రమున ఆ యొక్కటి చూచునని నమ్ముట కాధార మేమి? పలువురిలో ఒకడైనను చూచుననెడి కొద్దిపాటి యాశయు అప్పుడు నశించును గదా!

బాధ్యత చెదరుటయే మూలకారణ మనువారు ఢిల్లీ ఉపహార్ సినిమాహాలు చరిత్రను ఓపికతో చదువవలయును. 1997 జూన్ 13న అచ్చట 59 మంది మరణించిరి. భవనములోనే నెలకొల్పిన ట్రాన్స్‌ఫార్మరు వద్ద పుట్టిన మంటల పొగ హాలులోనికి వ్యాపింపగా, అదనపు సీట్లతో దారి మూసుకొనిపోయిన బాల్కనీలో ప్రేక్షకులు చిక్కుకొనిరి. కాని ఆ హాలులోని అతిక్రమణములను అధికారులు 1983లోనే తనిఖీచేసి కనుగొని యుండిరి. లైసెన్సు నిలిపివేయబడగా యజమానులు హైకోర్టునుండి స్టే తెచ్చుకొనిరి. అది మొదలు తాత్కాలిక పర్మిట్లతోనే పదునాలుగేండ్లు ఆటలు నడచెను. చూచినవాడును ఉండెను, వ్రాసినవాడును ఉండెను, లైసెన్సు నాపినవాడును ఉండెను. లోపములు తీరినవో లేవో యేటేట వచ్చి చూచి, తీరనిచో తలుపులు మూయించు నియమ మొక్కటియే లేకపోయెను.

మన చట్టములోని లోపము వేరుచోట నున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1999లో వచ్చిన అగ్నిమాపక సేవల చట్టము ననుసరించి ఏర్పడిన పద్ధతిలో, వాణిజ్యభవనములకు 15 మీటర్లు, నివాసములకు 18 మీటర్లు అను ఎత్తులే ముఖ్యమైన కొలబద్దలైనవి. అగ్ని యెత్తును చూచి రాదు. నిల్వయున్న సరకును, బయటపడు దారిని బట్టి ప్రాణములు తీయును. 2022 మార్చిలో హైదరాబాదులోని బోయిగూడ తుక్కు గోదాముపైన నిద్రించుచున్న 11 మంది బీహారు కూలీలు, 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో క్రింద రసాయనముల డ్రమ్ములు నిల్వచేసిన అపార్టుమెంటునందు కనీసము 9 మంది, 2025 మే 18న గుల్జార్‌హౌజ్‌లోని ఇరుకుదారి గల పాతయింట 17 మంది మరణించిరి. వీరిలో నెవ్వరును ఆకాశహర్మ్యములలో నున్నవారు కారు. అధికారములను కలిపిన సంస్థయే లేదందురా? విపత్తు స్పందనను, ప్రభుత్వాస్తుల రక్షణను కలిపి అప్పగించిన హైడ్రా యను సంస్థ 2024 జులైలోనే హైదరాబాదున ఏర్పడియున్నది. గుల్జార్‌హౌజ్ దుర్ఘటనకు దానిని నిందించుట నా యభిమతము కాదు. సంస్థలను ఎట్లు కూర్చినను ఆ యింటి మెట్లదారి వెడల్పు కాదని మాత్రమే చెప్పుచున్నాను.

పునర్వ్యవస్థీకరణము వలదని నేననుట లేదు. మంటలార్పువానిని, తనిఖీచేయువానిని వేరుచేయవలెనని యనుచున్నాను. గంట మ్రోగగనే పరుగెత్తవలసిన స్టేషను అధికారికి, సందులోని షట్టర్ల వెనుక నేమున్నదో నింపాదిగా చూచి వ్రాయు తీరిక యెట్లుండును? తనిఖీకే శిక్షణ పొందిన సిబ్బంది కావలయును. ఎత్తును గాక వాడుకను బట్టి నియతకాలములలో పరిశీలన జరుగవలయును. దాని ఫలితమును తేదీతోను అధికారి పేరుతోను ద్వారమున అతికింపవలయును. శాఖల నడుమ కాగితములు కదలవను ఫిర్యాదు నిజమే. అందులకు అందరును చూడగల ఉమ్మడి రిజిస్టరు చాలును, క్రొత్త కమిషన రక్కరలేదు. పాతబస్తీవంటి చోట్ల రెండవదారి కట్టించుకొను స్తోమత లేనివారికి ప్రభుత్వము ఋణమైనను ఇప్పింపవలయును. సీలు వేయుట యొక్కటియే జరిగినచో వారు లోపములను మరింత దాచుకొందురు.

గోదాముపైనే తలదాచుకొను కూలీకి ఆ మెట్ల సంగతి ఏ యధికారికన్నను బాగుగ తెలియును; కాని ఫిర్యాదు చేసిన మరునాడు అతనికి పనియు పడకయు రెండును పోవును. కావున చట్టసవరణములో మొట్టమొదట చేర్చవలసిన నియమము ఇది: అద్దెకుండువారును పనిచేయువారును తమ పేరు బయటపడకుండ తనిఖీని కోరవచ్చును, కోరిన ఏడు దినములలో అధికారి రావలయును, రానిచో ఆ జాప్యము అతని సర్వీసు రిజిస్టరున నమోదు కావలయును, భవనము మూయవలసివచ్చినచో అందులోనివారికి యజమానియే వేరొక బసను చూపవలయును.