‘ఎన్ని బ్లాకులు’ అని కాదు, ‘ఎక్కడ’ అని అడగండి

డాక్టర్ యాంజియోగ్రామ్ గదిలోంచి వచ్చి ‘మూడు బ్లాకులు’ అనగానే మనవాళ్లు అడిగేవి రెండే: స్టెంటా, బైపాసా? ఖర్చెంత? ఆ బ్లాకులు ఎక్కడున్నాయి, వాటి అవతల రక్తనాళం ఎలా ఉంది అని అడిగేవాళ్లు అరుదు. ఆపరేషన్ ఫలితం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

గుండె కండరానికి రక్తం ఇచ్చే ప్రధాన ధమనులు రెండు, కుడిది, ఎడమది. ఎడమది కాస్త దూరం పోయాక చీలుతుంది. చీలకముందు ఉన్న ముక్కే లెఫ్ట్ మెయిన్. చీలాక ముందువైపు దిగేది ఎల్ఏడీ. లెఫ్ట్ మెయిన్‌లో ఒక్క పెద్ద బ్లాక్ ఉన్నా గుండెలో ఎక్కువ భాగానికి ముప్పే. అదే చివరి చిన్న కొమ్మల్లో రెండు మూడున్నా మందులతో నడిచిపోవచ్చు. ‘మా మామూకి నాలుగున్నా స్టెంట్లతోనే సరిపోయింది’ అనే పోలికకు అర్థం లేనిది అందుకే.

బైపాస్ అంటే అడ్డు ఉన్నచోటు దాటాక కొత్త నాళం కుట్టడం. కుట్టే చోట నాళం బాగుండాలి, తగినంత వెడల్పుండాలి. ఒకటిన్నర మిల్లీమీటర్ కన్నా సన్నగా ఉంటే సర్జన్లు ఆలోచిస్తారు. షుగర్ ఉన్నవాళ్లలో కొవ్వు ఒకచోట ఆగదు, నాళం పొడవునా పేరుకుంటుంది. అప్పుడు కుట్టిన గ్రాఫ్ట్‌లో రక్తం సరిగా పారక మూసుకుపోయే అవకాశం ఎక్కువ. ఆడవాళ్ల నాళాలు సగటున ఇంకా సన్నం, వాళ్లకు రిస్క్ ఎక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం.

ఏ నాళంతో కుట్టారన్నదీ ముఖ్యమే. ఛాతీ లోపలి ధమనిని ఎల్ఏడీకి కలిపితే 10 ఏళ్ల తర్వాత కూడా 10లో 9 దాకా పనిచేస్తాయి. కాలి నుంచి తీసిన సిరల్లో అప్పటికి సుమారు సగమే మిగులుతాయి.

అలాగని షుగర్ ఉంటే బైపాస్ వద్దని కాదు, నాళం కుట్టుకు పనికొస్తే అదే మేలు. ఒకటికి మించి నాళాల్లో బ్లాకులున్న 1,900 మంది షుగర్ రోగులపై చేసిన ఫ్రీడమ్ అధ్యయనం 2012లో వచ్చింది. ఐదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్ వాళ్లలో 26.6 శాతం, బైపాస్ వాళ్లలో 18.7 శాతం. పక్షవాతం ఒక్కటి మాత్రం బైపాస్‌లోనే ఎక్కువ: 5.2 శాతం, అటు 2.4.

ఖర్చు విషయంలో కొంత ఊరట ఉంది. మందు పూసిన స్టెంట్ ధరను 2017 ఫిబ్రవరిలో కేంద్రం సుమారు 30 వేలకు కట్టడి చేసింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. కానీ కుటుంబానికి విషయం విడమర్చి చెప్పే ఓపిక ఏ స్కీమ్‌లోనూ రాదు కదా, అడిగి తెలుసుకోవాల్సింది మనమే.

గుండెపోటు నడుస్తుంటే ఈ చర్చలకు టైమ్ ఉండదు, డాక్టర్ చెప్పింది వెంటనే చేయించాలి. డాక్టరే ‘అత్యవసరం కాదు, ఆలోచించుకోండి’ అంటే మాత్రం సింటాక్స్ స్కోర్ ఎంతో అడగండి. బ్లాకులు ఎక్కడ, ఎంత చిక్కుగా ఉన్నాయో చెప్పే లెక్క అది. 33, అంతకు మించితే సాధారణంగా బైపాస్ వైపే మొగ్గుతారు. యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని ఇంకో హార్ట్ సర్జన్‌కు చూపించండి. రికార్డుల కాపీ, సెకండ్ ఒపీనియన్ రెండూ జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగి హక్కుల చార్టర్‌లో ఉన్నవే. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.