రేకు కప్పు కింద నెలలు నిండిన తల్లి

ఏప్రిల్ నెల వచ్చిందంటే పత్రికలన్నింటిలో ఒకే తరహా ఛాయాచిత్రాలు కనిపిస్తాయి. తలకు తువ్వాలు చుట్టుకున్న రిక్షా కార్మికుడు, కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు, బస్టాండు దగ్గర చలివేంద్రం. వడగాలి బాధితుడంటే ఆరుబయట ఎండలో నిలబడిన మగమనిషి అన్న అభిప్రాయం మన మనసుల్లో స్థిరపడిపోయింది. ప్రభుత్వ ప్రణాళికలు కూడా అతన్నే దృష్టిలో ఉంచుకుని తయారవుతున్నాయి. మధ్యాహ్నం వేళ బయటకు వెళ్ళవద్దు, ఇంటి పట్టునే ఉండండి అన్నది వాటి మొదటి హితవు. మరి ఇల్లే కొలిమి అయిన వారు ఎక్కడికి వెళ్ళాలి? అందులోనూ ఎనిమిదో నెలో, తొమ్మిదో నెలో మోస్తున్న స్త్రీ ఎక్కడ తలదాచుకోవాలి?

గత మే నెలలో మేము కొందరు మహిళలము కలిసి హైదరాబాదు పాతబస్తీలోని ఒక ఇరుకు గల్లీలో ఇంటింటికీ వెళ్ళాము. అందులో లక్క గాజులు చేసే ఇల్లు ఒకటి. ఉన్నది ఒకే గది, పైన సిమెంటు రేకులు, వెనుక గోడకు కిటికీ లేదు. గది మధ్యలో బొగ్గుల కుంపటి. దాని ముందు నెలలు నిండిన ఒక సోదరి కూర్చుని, వేడికి మెత్తబడిన లక్కను సాగదీసి గాజుగా చుడుతూ ఉంది. పంకా ఉంది, కాని తిరగడం లేదు. గాలి తగిలితే లక్క బిగుసుకుపోతుందట. కాన్పు అయ్యేదాకా ఈ పని మానుకోరాదా అని అడిగాము. ఆమె నవ్వి, "ఈ నెల ఆర్డరు వదులుకుంటే వచ్చే నెల కాన్పు ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది ఆపా?" అన్నది. పక్కనే ఉన్న అత్తగారు, "మేమూ ఇట్లాగే కన్నాము బేటీ. అల్లా చూసుకుంటాడు" అన్నారు.

ఆ ఇద్దరి మాటల్లోనూ అబద్ధం లేదు. కోడలి మాటలో పేదరికం ఉంది, అత్త మాటలో విశ్వాసం ఉంది. అయితే అత్తగారి కాలపు వేసవి వేరు, ఇప్పటి వేసవి వేరు. ఆనాడు ఆ ఇంటికి పెంకులుండేవి, ముందు చిన్న వాకిలి ఉండేది, గల్లీలో ఒక వేపచెట్టు ఉండేదని ఆమే చెప్పారు. నేడు చుట్టూ కాంక్రీటు గోడలే. పగలంతా తాగిన వేడిని అవి రాత్రంతా వదులుతాయి. కనుక రాత్రి కూడా ఒంటికి విశ్రాంతి లేదు.

గర్భిణి శరీరం వేడిని తట్టుకోవడానికి మామూలు మనిషికంటే ఎంతో ఎక్కువ శ్రమ పడుతుంది. గర్భకాలంలో రక్త పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఆ రక్తాన్ని నడిపించే భారం గుండెపై పడుతుంది. కడుపులోని బిడ్డ ఒంటి వేడి తల్లి ఒంటి వేడికంటే సుమారు అర డిగ్రీ ఎక్కువగా ఉంటుంది. ఆ వేడిని కూడా మాయ ద్వారా తల్లే స్వీకరించి బయటకు పంపాలి. ఎండవేళ ఒళ్ళు చల్లబరచుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది. దానికితోడు చెమటతో నీరు తగ్గిపోతే బిడ్డకు అందే రక్తం తగ్గవచ్చు, నొప్పులు ముందే మొదలుకావచ్చు. కాళ్ళ వాపు, కళ్ళు తిరగడం, నిద్రలేమి వంటివాటిని మన ఇళ్ళల్లో "నెలలు నిండాయి కదా, మామూలే" అని కొట్టిపారేస్తాము. అన్నీ మామూలు కావు.

ఇది మా ఊహ కాదు. 27 దేశాలలో జరిగిన 70 అధ్యయనాలను క్రోడీకరించిన ఒక సమీక్ష 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే నెలలు నిండకుండా కాన్పు జరిగే అవకాశం సుమారు 5 శాతం, వడగాలుల రోజుల్లో 16 శాతం పెరుగుతున్నట్లు అది తేల్చింది. మన పొరుగున తమిళనాడులో చెన్నైకి చెందిన శ్రీరామచంద్ర వైద్య విద్యాసంస్థ పరిశోధకులు 800 మంది గర్భిణులను పరిశీలించారు. తీవ్రమైన వేడిలో పనిచేసే వారికి గర్భస్రావం, మృతశిశు జననం వంటి ముప్పు రెట్టింపు ఉన్నట్లు కనుగొన్నారు. వారు పరిశీలించిన వారిలో పొలాల్లో, ఇటుక బట్టీల్లో, ఉప్పు మడుల్లో పనిచేసే స్త్రీలు ఉన్నారు. కుంపటి ముందు కూర్చున్న మన సోదరి స్థితి వారికంటే ఏ విధంగా మెరుగు?

ఇక్కడే ఇది ముస్లిం సమాజం ప్రత్యేకంగా ఆలోచించవలసిన ప్రశ్న అవుతుంది. సూర్యుడు మతం చూసి మండడు. కాని ఎవరు ఎటువంటి కప్పు కింద ఉంటారు, ఎవరు ఏ పని చేస్తారు అన్నవి మాత్రం సమాజం నిర్ణయిస్తుంది. పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం మంది తమ ఇంటిలోనే పని చేస్తున్నారని 2006లో సచార్ కమిటీ నివేదిక వెల్లడించింది. మొత్తం మీద చూస్తే అటువంటి వారు 51 శాతమే. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఇళ్ళకు వెళ్ళి చూడండి. పంకా వేస్తే ఆకు ఎండిపోతుంది, పొగాకు ఎగిరిపోతుంది అని మే నెలలో కూడా ఉక్కలోనే కూర్చుంటారు. పాతబస్తీలో మగ్గం ముందు నడుము వంచి జర్దోజీ కుట్టేవారిదీ ఇదే పరిస్థితి. వీరెవరూ ఎండలో నిలబడరు. కనుక వడగాలి లెక్కల్లోకి రారు.

చట్టాలు వారిని ఎలా దాటిపోయాయో చూద్దాము. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచినప్పుడు దేశమంతా హర్షించింది. ఆ హక్కు పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలలోని ఉద్యోగినులకు. దళారి తెచ్చి ఇచ్చే లక్కకు, జరీకి, డజను లెక్కన కూలి తీసుకునే స్త్రీకి యజమాని ఎవరో కూడా తెలియదు. ఇక సెలవు ఎవరిస్తారు? హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. గాజుకు గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ గాజు చేసే చేతికి గుర్తింపు ఎప్పుడు?

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేస్తే ఇంటిలోపల రెండు నుండి ఐదు డిగ్రీల వరకు వేడి తగ్గుతుంది. మంచి ఆలోచన. అయితే 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకే దాన్ని తప్పనిసరి చేశారు. చిన్న ఇళ్ళవారు కావాలనుకుంటే వేసుకోవచ్చునట. ఆరువందల గజాల ఇంట్లో ఏసీ ఉంటుంది. అరవై గజాల ఇంట్లో గర్భిణి ఉంటుంది. ఎవరికి పూత ముందు వేయాలో చెప్పడానికి శాస్త్రవేత్తలు అక్కరలేదు.

2025లో అదే ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో మరణించినవారి కుటుంబాలకు ఇచ్చే సహాయాన్ని 50 వేల నుండి 4 లక్షల రూపాయలకు పెంచింది. దీన్నీ స్వాగతిస్తున్నాము. కాని మే నెలలో ఎనిమిదో నెల కడుపుతో ఉన్న స్త్రీకి బిడ్డ కదలిక ఆగిపోతే, ఆ కాగితం మీద కారణం ఏమని రాస్తారు? వేడి అని ఎవరూ రాయరు. అడిగేవారూ లేరు. "అల్లా ఇచ్చాడు, అల్లా తీసుకున్నాడు" అని ఓర్చుకుని, చిన్న కఫన్‌లో చుట్టి ఖననం చేసి వస్తాము. ఆ సహనం మన విశ్వాసంలో భాగం. కాని లెక్క అడగడం ఆ విశ్వాసానికి విరుద్ధం కాదు.

లెక్క చూస్తే ఏమవుతుందో అహ్మదాబాదు నగరం చూపింది. 2010 మే నెలలో అక్కడ భయంకరమైన వడగాలులు వీచాయి. మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా మరణించారు. అప్పుడు ఒక ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు తమ నవజాత శిశువుల వార్డు రికార్డులను తిరగేశారు. వేడి సంబంధిత సమస్యలతో చేరిన పసికందుల సంఖ్య వడగాలి రోజుల్లో పెరిగినట్లు గమనించారు. ఆ వార్డు భవనం పై అంతస్తులో, ఎండకు కాగే కప్పు కిందనే ఉంది. దాన్ని కింది అంతస్తుకు మార్చారు. అటువంటి కేసులు గణనీయంగా తగ్గాయి. 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే మొదటి వేడి నివారణ ప్రణాళికను రూపొందించుకుంది. కొత్త యంత్రాలు కొనలేదు, కోట్లు కుమ్మరించలేదు. మంచాలను ఒక అంతస్తు నుండి మరో అంతస్తుకు దించారు, అంతే.

ప్రభుత్వాన్ని ప్రశ్నించే ముందు, లేదా ప్రశ్నిస్తూనే, మన ఇళ్ళవైపు కూడా చూసుకోవాలి. వేసవి రాత్రి ఇంట్లో అన్నిటికంటే చల్లని చోటు డాబా. అక్కడ ఎవరు పడుకుంటారు? మగవారు, మగపిల్లలు. పరదా పేరుతో నిండు గర్భిణి కింద రేకుల గదిలోనే ఉంటుంది. డాబా మీద నాలుగు కర్రలు పాతి రెండు దుప్పట్లు కట్టడం ఎంతసేపు? మగవారు కింద పడుకుంటే ఏమవుతుంది? పరదా గౌరవం కోసం, ఊపిరాడకుండా చేయడానికి కాదు. బయటకు వెళ్ళేటప్పుడు ధరించే బుర్ఖా నల్లని సింథటిక్ బట్టదే కావాలన్న నియమం షరీయత్‌లో ఎక్కడా లేదు. లేతరంగు నూలు బట్ట కూడా శరీరాన్ని కప్పుతుంది.

నీటి సంగతీ అంతే. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినప్పుడు బిందెలు మోసేది ఎక్కువగా ఇంటి కోడలే. మరుగుదొడ్డి నాలుగు ఇళ్ళకు ఒకటే అయితే, మాటిమాటికీ వెళ్ళలేక ఆమె నీళ్ళు తాగడమే తగ్గిస్తుంది. మేము మాట్లాడిన వారిలో చాలామంది ఈ మాట తలవంచుకుని చెప్పారు. దాహాన్ని సిగ్గు ఆపుతోంది. ఇది ఏ ప్రణాళికలోనూ రాయని విషయం, కాని ప్రతి ఇంటికీ తెలిసిన విషయం.

2018, 2019 సంవత్సరాలలో రంజాన్ మాసం మే నెలలో వచ్చింది. ఆ ఎండల్లో ఎందరో గర్భిణులు పట్టుదలగా ఉపవాసాలు పాటించడం మేము చూశాము. తనకుగాని, బిడ్డకుగాని హాని కలుగుతుందన్న భయం ఉంటే ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటును ధర్మం స్వయంగా ఇచ్చింది. దాన్ని వినియోగించుకోవడం బలహీనత కాదు. "మన అమ్మాయి ఒక్క రోజా కూడా వదలలేదు" అని గొప్పగా చెప్పుకునే పెద్దలు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. రంజాన్ ఇప్పుడు చలికాలం వైపు జరుగుతోంది, మళ్ళీ ఒకనాడు వేసవికి వస్తుంది. ఆలోగా ఈ అవగాహన మన ఇళ్ళల్లో స్థిరపడాలి. ప్రసవవేదనతో ఒంటరిగా ఉన్న హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) వృత్తాంతం మనందరికీ తెలుసు. ఆ సమయంలో దైవం ఆమెకు ప్రసాదించినవేమిటి? ఖర్జూరపు చెట్టు, దాని పండ్లు, పాదాల చెంత నీటి ఊట, దిగులుపడవద్దన్న ఓదార్పు. మన ఇంటి గర్భిణికి ఈ నాలుగూ అందుతున్నాయా అని ఎవరికి వారు ప్రశ్నించుకుంటే చాలు.

ఇక ప్రభుత్వాల ముందు మేము ఉంచుతున్న కోరికలు ఇవి. చల్లని కప్పుల విధానంలో చిన్న ఇళ్ళను, రేకుల ఇళ్ళను ముందువరుసలో చేర్చి, ప్రభుత్వ ఖర్చుతో పూత వేయించాలి. గర్భిణుల పేర్లు అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల దగ్గర ఎలాగూ ఉన్నాయి గనుక ఆ ఇళ్ళతోనే మొదలుపెట్టాలి. ఇంటివద్ద పనిచేసే స్త్రీలను కార్మికులుగా నమోదు చేసి, చివరి మూడు నెలలకు కూలి నష్టం భర్తీ చేయాలి. ఆసుపత్రులలో గర్భిణుల పరీక్షలు వేసవిలో ఉదయం తొందరగా మొదలై, ఎండ ముదిరేలోగా ముగియాలి. అంగన్‌వాడీలో పెట్టే భోజనం కోసం నిండు గర్భిణి మధ్యాహ్నపు ఎండలో నడిచి వెళ్ళే అవసరం ఆ రెండు నెలలైనా తప్పించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏప్రిల్ నుండి జూన్ వరకు జరిగే మృతశిశు జననాలను, నెలలు నిండని కాన్పులను ఆ రోజు ఉష్ణోగ్రతతో జతచేసి నమోదు చేయాలి. లెక్కలోకి రాని మరణానికి నివారణ దొరకదు.

మస్జిద్ కమిటీలకు, మహల్లా పెద్దలకు కూడా ఒక మనవి. ఎండాకాలం జుమా ప్రసంగాలలో ఒక్కటి ఈ విషయానికి కేటాయించండి. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో రావడం, జ్వరం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, నెలలు నిండకముందే నొప్పులు, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా భర్త పని నుండి తిరిగి వచ్చేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలని చెప్పండి. ఆ మాట మగవారి సఫ్‌లలో వినిపించాలి. ఎందుకంటే ఆసుపత్రికి వెళ్దామా, ఆగుదామా అన్న నిర్ణయం ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో వారి చేతుల్లోనే ఉంది.

ఆ గల్లీ సోదరికి జూన్ మొదటి వారంలో ఆడపిల్ల పుట్టిందని తరువాత తెలిసింది. తల్లీబిడ్డలు క్షేమం, అల్‌హమ్దులిల్లాహ్. గల్లీలోని కుర్రవాళ్ళు కొందరు కలిసి ఆ రేకుల మీద సున్నం పూశారట. పైన గోనెపట్టాలు పరచి సాయంత్రం నీళ్ళు చల్లుతున్నారట. వారికి చేతనైనది వారు చేశారు. ఈ ఏప్రిల్‌లో ఆ గల్లీలో మరో ఇద్దరు గర్భిణులు ఉన్నారు. వారి ఇళ్ళపై కప్పులు కూడా రేకులవే.